టెస్లా పీ40 కార్డు డెస్క్‌టాప్‌లో పెడితే డిస్‌ప్లే రావట్లేదు, డీ4 కోడ్ దగ్గర ఆగిపోతోంది

పాతసామాను:

అందరికీ నమస్కారం. సెకండ్‌హ్యాండ్‌లో ఎన్విడియా టెస్లా పీ40 తీసుకున్నాను, 24 జీబీ కార్డు. విస్పర్‌తో తెలుగు ఆడియోను టెక్స్ట్ చేసుకోవడానికి, 4 బిట్లకు కుదించిన భాషా మోడళ్లు ఇంట్లోనే నడుపుకోవడానికి. సిస్టమ్ ఇదీ: రైజెన్ 5 3600, ఎక్స్470 బోర్డు, 32 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), డిస్‌ప్లే కోసం పాత జీటీ 710. ఓఎస్ ఉబుంటు.

జీటీ 710 ఒక్కటే ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పీ40ని మొదటి స్లాట్‌లో, జీటీ 710ని రెండో స్లాట్‌లో పెట్టి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ స్క్రీన్ మీద ఏమీ రాదు. బోర్డు మీదున్న రెండక్షరాల డిస్‌ప్లే డీ4 చూపించి అక్కడే ఉండిపోతుంది.

ఇంకో మూడు సందేహాలు. అమ్మినాయన ఒక 8 పిన్ నుంచి ఒక 8 పిన్‌కి వెళ్లే చిన్న అడాప్టర్ ఇచ్చాడు, ప్రస్తుతం దాంతోనే కలిపాను. అది లేకుండా ఎస్‌ఎంపీఎస్‌లోని గ్రాఫిక్స్ కార్డు కేబుల్ నేరుగా పెట్టబోతే సగం దాకా వెళ్లి ఆగుతోంది, గట్టిగా నొక్కితే దిగేలా ఉంది. నొక్కొచ్చా? కార్డుకి ఫ్యాన్ లేదు, ఊరికే ఆన్‌లో ఉన్నా కాసేపటికి చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, దానికేం చేయాలి? ఇక స్లాట్ల విషయం: ఏ కార్డు ఎందులో ఉంటే మంచిది?

సర్వర్‌గది:

పాతసామాను గారూ, ముందు ఆ కేబుల్ నొక్కకండి. ఎందుకో కింద ఎవరో ఒకరు వివరంగా రాస్తారు. నేను డీ4 సంగతి చెబుతాను.

డీ4 అంటే పీసీఐ పరికరాలకు అడ్రస్‌లు పంచేటప్పుడు చోటు చాలలేదని. కార్డు పాడైందనుకోవద్దు. బోర్డు కార్డును గుర్తించింది, అది అడిగినంత చోటు ఇవ్వలేక చేతులెత్తేసింది. ప్రతి పీసీఐఈ కార్డూ బూట్ సమయంలో ప్రాసెసర్ అడ్రస్ పరిధిలో తనకు ఇంత కావాలని అడుగుతుంది, దాన్ని బార్ అంటారు. మామూలు గేమింగ్ కార్డు ఒకే ముక్కగా అడిగేది ఎక్కువగా 256 ఎంబీ. పీ40 తన మెమరీ మొత్తానికీ అడుగుతుంది. బార్ సైజు 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపుల్లోనే ఉండాలి కాబట్టి 24 జీబీ మెమరీకి 32 జీబీ చోటు కావాలి. 4 జీబీ లోపలి అడ్రస్‌లలో ర్యామ్ వాటా పోగా పరికరాలకు మిగిలేది ఒకటి రెండు జీబీలు. అందులో 32 ఎలా పడుతుంది? 4 జీబీ పైన ఇవ్వమని బయోస్‌కు మనమే చెప్పాలి. ఆ సెట్టింగ్ పేరు అబవ్ 4జీ డీకోడింగ్. సర్వర్ బోర్డుల్లో మామూలుగా అది ఆన్‌లోనే వస్తుంది, డెస్క్‌టాప్ బోర్డుల్లో చాలాకాలం ఆఫ్‌లోనే వచ్చింది.

అయితే నేరుగా వెళ్లి అది ఆన్ చేసేస్తే కుదరదు, వరస ముఖ్యం. పీ40 తీసి పక్కన పెట్టి జీటీ 710తోనే మొదలుపెట్టండి. బయోస్‌ను తాజా వెర్షన్‌కు మార్చండి, పాత వెర్షన్లలో ఈ ఆప్షన్ కనిపించకపోవచ్చు. తర్వాత ఉబుంటు యూఈఎఫ్ఐ (కొత్త రకం బూట్) పద్ధతిలో ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడండి: సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే అయినట్టే. లేకపోతే ముందు ఓఎస్ మళ్లీ ఎక్కించుకోవాలి, ఎందుకంటే మన తర్వాతి అడుగు సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్‌ను నడిపించే బయోస్ సెట్టింగ్) ఆఫ్ చేయడం. సీఎస్‌ఎం పోతే పాత పద్ధతిలో ఎక్కించిన ఓఎస్ బూట్ కాదు.

సీఎస్‌ఎం ఆఫ్ చేసి, ఇంకేమీ మార్చకుండా, ఒకసారి రీబూట్ చేయండి. ఇక్కడ ఒక గుంట ఉంది. బాగా పాత కార్డుల బయోస్‌లో యూఈఎఫ్ఐకి కావాల్సిన డిస్‌ప్లే భాగం ఉండదు. మీ జీటీ 710 అలాంటిదైతే సీఎస్‌ఎం తీయగానే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. కంగారు పడకండి, కరెంటు తీసి సీఎంఓఎస్ (బయోస్ సెట్టింగులు దాచే చోటు) క్లియర్ చేస్తే మొదటికి వస్తుంది, డిస్‌ప్లేకి వేరే కార్డు చూసుకోవాలి. పీ40 కూడా లోపలే ఉండగా ఇవన్నీ ఒకేసారి మారిస్తే నల్ల స్క్రీన్ దేనివల్ల వచ్చిందో తేలదు, అందుకే విడివిడిగా చేయమంటున్నాను.

స్క్రీన్ వచ్చిందంటే అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేసి, సేవ్ చేసి, పవర్ పూర్తిగా తీసేసి అప్పుడు పీ40 పెట్టండి. పక్కనే రీసైజబుల్ బార్ అని ఇంకో ఆప్షన్ కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. పీ40కి ఆ సౌకర్యం లేదు, దాని బార్ ఎలాగూ ముందే పెద్దది.

డీ4 దాటి ఓఎస్ దాకా వచ్చాక డీమెస్గ్‌లో (ఓఎస్ కేంద్రభాగమైన కెర్నెల్ సందేశాల లాగ్) బార్ 1కి నో స్పేస్ అన్న లైను ఉందేమో వెతకండి. ఉంటే బోర్డు బూట్ అయింది కానీ కార్డుకి చోటు ఇవ్వలేదన్నమాట. అప్పుడు కెర్నెల్ లైన్‌లో పీసీఐ ఈక్వల్స్ రియలాక్ అని చేర్చి చూడొచ్చు. కొన్ని బోర్డుల్లో అది పనిచేస్తుంది, కొన్నిట్లో అస్సలు చేయదు.

పవర్‌కేబుల్:

ఆ కేబుల్ సంగతి నేను చెబుతా. పీ40 వెనక ఉన్న 8 పిన్ సాకెట్ గ్రాఫిక్స్ కార్డు సాకెట్ కాదు, మదర్‌బోర్డు మీద సీపీయూకి ఇచ్చే ఈపీఎస్ రకం. రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, లోపల కరెంటు మాత్రం తలకిందులు. ఈపీఎస్‌లో క్లిప్ ఉన్న వరసలో నాలుగూ 12 వోల్టులు, రెండో వరస నాలుగూ గ్రౌండ్. గ్రాఫిక్స్ కేబుల్‌లో క్లిప్ వైపు గ్రౌండ్, 12 వోల్టులు ఎదుటి వరసలో. సగంలో ఆగుతోందంటే ప్లాస్టిక్ గళ్ల ఆకారం మిమ్మల్ని కాపాడుతోందని అర్థం. బలవంతంగా దించితే 12 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ అవుతాయి. మంచి ఎస్‌ఎంపీఎస్ అయితే వెంటనే ఆఫ్ అయిపోతుంది, నాసిరకంది అయితే ఏం కాలుతుందో చెప్పలేం.

కేబుల్ చూసి పోల్చుకోవడం తేలికే: 4+4గా విడిపోయేది ఈపీఎస్, 6+2గా విడిపోయేది గ్రాఫిక్స్.

ఇప్పుడు మీ అడాప్టర్. ఒకదాన్నుంచి ఒకదానికి అన్నారు, అది నాకు నచ్చలేదు. కార్డు ఫుల్ లోడ్‌లో 250 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 21 ఆంపియర్లు. స్లాట్ నుంచి 12 వోల్టుల మీద రావాల్సిన గరిష్ఠం 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు. కార్డు అదంతా వాడుకున్నా ఇంకా 180 వాట్ల పైన కేబుల్ మీదే పడుతుంది. గ్రాఫిక్స్ 8 పిన్ కేబుల్ లెక్క 150 వాట్లు, అందులో 12 వోల్టుల తీగలు మూడే. సన్న తీగల చవక అడాప్టర్‌లో మొదట వేడెక్కి రంగు మారేది ఆ పిన్నుల దగ్గరే. రెండు 8 పిన్ గ్రాఫిక్స్ కేబుళ్లు తీసుకుని ఒక ఈపీఎస్‌గా మార్చే అడాప్టర్ దొరుకుతుంది, అది కొనండి. రెండు తలలూ ఒకే తీగకు వేలాడే కేబుల్ కాకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వచ్చే రెండు కేబుళ్లు వాడండి. మీ ఎస్‌ఎంపీఎస్‌కి రెండో 4+4 కేబుల్ ఖాళీగా ఉంటే అసలు అడాప్టరే వద్దు, అది నేరుగా కార్డుకి పెట్టేయొచ్చు. 550 వాట్ల వాటిలో సాధారణంగా ఒక్కటే వస్తుంది లెండి.

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే వేరే కంపెనీ కేబుల్ తెచ్చి తగిలించొద్దు. కార్డు వైపు పిన్నులు అందరికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఎవరిది వాళ్లది.

ఏ అడాప్టర్ తెచ్చినా కార్డుకి పెట్టేముందు మల్టీమీటర్‌తో చూడండి. ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు నుంచి విడదీసి, 24 పిన్ కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను పక్కనున్న ఏదైనా నల్ల తీగతో చిన్న వైరు ముక్కతో కలిపితే అది ఆన్ అవుతుంది. మీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి పెట్టి, అడాప్టర్ చివర క్లిప్ వైపు నాలుగు పిన్నులూ ఒక్కొక్కటే చూడండి. నాలుగింట్లోనూ 12 దగ్గర రావాలి, ఎదుటి నాలుగింట్లోనూ సున్నా. ఒక్కటి తేడా వచ్చినా ఆ అడాప్టర్ పక్కన పడేయండి. రెండు నిమిషాల పని ఇది, ఆన్‌లైన్‌లో అమ్మే అడాప్టర్లలో తీగలు తారుమారైనవి కూడా వస్తాయి.

550 వాట్లు సరిపోతుంది. ప్రాసెసర్‌కి 88, కార్డుకి 250, జీటీ 710కి 19, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు 50 వేసుకున్నా 410 లోపే. లేబుల్ మీద 12 వోల్టుల లైనుకు ఎన్ని ఆంపియర్లో చూడండి, 40 పైన ఉంటే నిశ్చింత.

గాలిమర:

అన్నా, చల్లదనం సంగతి నేను చెప్తా. ఈ కార్డు సర్వర్ కోసం చేసింది. సర్వర్ల ముందు వరుసగా ఉండే ఫ్యాన్లు గాలిని ఒత్తిడితో నెడతయి, ఆ గాలి దీని హీట్‌సింక్ లోపలి నుంచి పోతది. డెస్క్‌టాప్ క్యాబినెట్‌ల ఎన్ని ఫ్యాన్లున్నా గాలి సులువైన దారి చూసుకొని పక్కనుంచి పోతది తప్ప, ఆ సన్నటి రెక్కల సందుల్లకు దూరదు. పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టినా అంతే. గాలిని బలవంతంగా లోపలికి పంపే డక్ట్ ఉండాలె.

కార్డు పొడవు 26.7 సెం.మీ. బ్రాకెట్‌కు (క్యాబినెట్ వెనక బిగించే రేకు) ఎదురు చివరన డక్ట్ తగిలించి గాలిని లోపలికి కొడితే వేడి గాలి బ్రాకెట్ రంధ్రాల నుంచి క్యాబినెట్ బయటికి పోతది. డక్ట్, బ్లోయర్ కలిపి ఇంకో 10–12 సెం.మీ. కావాలె. అంటే స్లాట్ నుంచి ముందు ఫ్యాన్ దాకా దాదాపు 39 సెం.మీ. ఖాళీ. కొనకముందే టేపుతోని కొలుసుకో, చాలా క్యాబినెట్లల్ల హార్డ్‌డిస్క్ బోను అడ్డం వస్తది. ఇంకో తిరకాసు: పవర్ సాకెట్ కూడా అదే చివరన ఉంటది. డక్ట్ డిజైన్‌ల కేబుల్‌కు సందు ఉందా లేదా చూసి ప్రింట్ చేయించు.

ఫ్యాన్ ఎంపికల గాలి పరిమాణం కన్నా ఒత్తిడి ముఖ్యం. 97 మి.మీ. బ్లోయర్, 33 మి.మీ. మందంది, నాకైతే ఇదే మంచిదనిపిస్తది. సర్వర్ల వాడే 40 మి.మీ. ఫ్యాన్లు రెండు పక్కపక్కన పెట్టినా పని అయితది గానీ ఆ కూత ఇంట్ల భరించలేరు. 120 మి.మీ. మామూలు క్యాబినెట్ ఫ్యాన్‌కు గరాటు లాంటి డక్ట్ పెట్టేవాళ్లున్నరు. 140–150 వాట్ల దాకా నడుస్తది, 250కి నడవదు.

బ్లోయర్ లేబుల్ మీద ఆంపియర్లు చూడు. బోర్డు మీద ఫ్యాన్ పిన్నులు మామూలుగా 1 ఆంపియర్ దాకనే ఇస్తయి. అది దాటితే ఎస్‌ఎంపీఎస్ మోలెక్స్ కనెక్టర్ నుంచి కరెంటు ఇచ్చి, వేగం చెప్పే తీగ, గ్రౌండ్ మాత్రం బోర్డుకు కలుపు. మరొకటి, బోర్డు ఫ్యాన్ వేగాన్ని సీపీయూ వేడిని చూసి మారుస్తది. విస్పర్ నడిచేటప్పుడు సీపీయూ చల్లగనే ఉంటది, కార్డు కాలిపోతుంటది, ఫ్యాన్ మెల్లగ తిరుగుతుంటది. కాబట్టి బయోస్‌ల ఆ ఫ్యాన్‌ను ఒకే వేగానికి కట్టెయ్యి, లేదంటే కార్డు వేడి చదివి వేగం మార్చే చిన్న స్క్రిప్ట్ పెట్టుకో.

డక్ట్ కార్డుకు తగిలే చోట సందులుంటే గాలి అక్కడి నుంచే పోతది. టేపుతోని మూసెయ్యి, అల్యూమినియం టేపు మాత్రం వద్దు, ఊడి బోర్డు మీద పడితే షార్ట్.

ఇంకా సులువైన మందు: పవర్ లిమిట్. ఎన్విడియా-ఎస్ఎంఐ అనే కమాండ్‌ల పీఎల్ ఆప్షన్‌తోని 180 పెట్టు. భాషా మోడల్ మాటలు పుట్టించేటప్పుడు ఆపేది మెమరీ వేగం, లెక్కల వేగం కాదు. అందుకే 250 నుంచి 180కి దించినా నువ్వు గుర్తుపట్టేంత తేడా రాదు. విస్పర్‌ల కొంచెం కనిపిస్తది. రీబూట్ అయితే ఆ లిమిట్ పోతది, బూట్‌ల నడిచే సర్వీస్‌గ రాసిపెట్టుకో. రామగుండం, రెంటచింతల దిక్కు మే నెలల గది లోపలనే 38 డిగ్రీలుంటే 150కి దించినా తప్పులేదు. లోడ్ మీద 80 దాటకుండ చూసుకుంటే చాలు.

ఇంకో మాట, ఏ పనీ లేకున్నా మోడల్ మెమరీల ఎక్కి ఉంటే ఈ కార్డు 50 వాట్ల దాకా తాగుతనే ఉంటది. పని అయినంక ప్రోగ్రామ్ మూసేస్తే 10 దగ్గరికి దిగుతది. నీ సిస్టమ్ ఇంకా బూటే కాలేదు గనుక నీకు చెయ్యి కాలింది మోడల్ వల్ల కాదు గానీ, ఫ్యాన్ లేకుంటే కొంచెం వాట్లు కూడా ఎటు పోతయి?

లేన్16:

స్లాట్ల సంగతి. ఎక్స్470 బోర్డుల్లో సాధారణంగా మొదటి రెండు పొడుగు స్లాట్లూ ప్రాసెసర్ నుంచి వచ్చే 16 లేన్లనే (డేటా దారులు) పంచుకుంటాయి. రెండో దాంట్లో ఏ కార్డు పెట్టినా మొదటిది ఎక్స్8కి (8 లేన్లకు) పడిపోతుంది. మూడో పొడుగు స్లాట్ చిప్‌సెట్ నుంచి వస్తుంది, జెన్2 (పీసీఐఈ రెండో తరం) ఎక్స్4. జీటీ 710ని ఆ మూడో దాంట్లోకి మార్చండి, పీ40కి 16 లేన్లూ వస్తాయి. మీ బోర్డు మాన్యువల్‌లో స్లాట్ల పట్టిక ఒకసారి చూసుకోండి, కొన్ని బోర్డుల్లో మూడో స్లాట్ వాడితే రెండో ఎం.2 (ఎస్ఎస్‌డీ సాకెట్) ఆగిపోతుంది.

అయినా లేన్ల కోసం మరీ తల బద్దలు కొట్టుకోవద్దు. 20 జీబీ మోడల్ కార్డులోకి ఎక్కడానికి జెన్3 ఎక్స్16లో 2 సెకన్లు, ఎక్స్8లో 3–4, జెన్2 ఎక్స్4లో 12–13. అదే మోడల్ సాటా ఎస్ఎస్‌డీ నుంచి చదవడానికే 36 సెకన్లు పడుతుంది. ఒకసారి ఎక్కాక ఆ దారిలో వెళ్లేది కొద్ది డేటా. ట్రైనింగ్ చేస్తేనో, మోడల్‌లో సగం ర్యామ్‌లో ఉంచి నడిపితేనో లేన్లు లెక్కలోకి వస్తాయి.

లింక్ చూడాలంటే ఎల్ఎస్‌పీసీఐ (పీసీఐ పరికరాల జాబితా) కమాండ్‌ను సుడోతో, రెండు వీల (వీవీ) ఆప్షన్‌తో నడపండి. లింక్ క్యాప్ అంటే కార్డు సామర్థ్యం, లింక్ స్టా అంటే ఇప్పుడు కుదిరిన వేగం. ఖాళీగా ఉన్నప్పుడు స్టాలో 2.5 జీటీ (సెకనుకు గిగాట్రాన్స్‌ఫర్లు) అని కనిపిస్తే అది పవర్ ఆదా, లోపం కాదు. లోడ్ పెట్టి చూస్తే 8 జీటీ కావాలి. వేగం సరే గానీ వెడల్పు 16కి బదులు 8 లేదా 4 ఉంటే మాత్రం చూడాల్సిందే: కార్డు బంగారు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, స్లాట్‌లో దుమ్ము ఊది, మళ్లీ సరిగ్గా దించండి. ఇంత బరువు కార్డు ఒక చివర కుంగితే కూడా ఇదే వస్తుంది, కింద ఆనిక పెట్టండి.

జీపీయూమైనర్:

క్యాబినెట్‌లో చోటు లేకపోతే మైనింగ్ రైజర్ (స్లాట్‌ను కేబుల్‌తో బయటికి లాగే బోర్డు) పెట్టి బయట నిలబెట్టేయండి బ్రో. ఎక్స్1 అయినా మోడల్ ఎక్కాక పనిచేస్తుందని పైన చెప్పారు కదా.

పవర్‌కేబుల్:

జీపీయూమైనర్ గారూ, లేన్ల మాట నిజమే, కరెంటు మాట కాదు. ఆ రైజర్లలో చాలావాటికి సాటా పవర్ కనెక్టర్ ఇస్తారు. సాటాలో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు, మొత్తం 54 వాట్లు. స్లాట్ నుంచి కార్డు 66 దాకా లాగొచ్చు. కరిగిపోయిన సాటా కనెక్టర్ల ఫోటోలన్నీ అక్కడినుంచి వచ్చినవే. రైజరే కావాలంటే 6 పిన్ పవర్ ఉన్నది తీసుకోండి, దానికీ కార్డుకీ ఒకే ఎస్‌ఎంపీఎస్ వాడండి.

లేన్16:

రైజర్ పెడితే ఇంకో చిక్కు: కేబుల్ నాణ్యత చాలక డీమెస్గ్‌లో ఏఈఆర్ (పీసీఐఈ లింక్ తప్పులు చెప్పే) ఎర్రర్లు వరస కడతాయి, కరెక్టెడ్, బ్యాడ్ టీఎల్‌పీ అంటూ. కార్డు పోయిందని భయపడతారు. బయోస్‌లో ఆ స్లాట్‌ను జెన్2కి కట్టేస్తే చాలావరకు ఆగిపోతాయి. ఆగకపోతే రైజర్ మార్చాలి, లాగ్‌లను దాచే కెర్నెల్ ఆప్షన్ పెట్టుకోవడం మందు కాదు.

పాతసామాను:

అందరికీ చాలా థాంక్స్. సర్వర్‌గది గారు చెప్పిన వరసలోనే చేశాను, డీ4 పోయింది. జీటీ 710 మూడో స్లాట్‌లో ఉంది. రెండు కేబుళ్ల అడాప్టర్, బ్లోయర్ ఆర్డర్ పెట్టాను, అవి వచ్చేదాకా లోడ్ ఇవ్వను. ఎల్ఎస్‌పీసీఐలో పీ40 కనిపిస్తోంది. కానీ ఎన్విడియా-ఎస్ఎంఐ నడిపితే నో డివైసెస్ వేర్ ఫౌండ్ అంటోంది. డ్రైవర్ 580, చివర ఓపెన్ అని ఉన్న ప్యాకేజీ వేశాను.

సర్వర్‌గది:

ఆ ఓపెన్ అన్న మాట దగ్గరే ఉంది కిటుకు. ఎన్విడియా ఓపెన్ కెర్నెల్ మాడ్యూళ్లు ట్యూరింగ్ తరం నుంచే పనిచేస్తాయి. పీ40 అంతకు ముందుది, 2016 నాటి పాస్కల్. చివర ఓపెన్ లేని 580 ప్యాకేజీ వేయండి. పాస్కల్‌కు 580 శ్రేణే ఆఖరిది కాబట్టి అప్‌డేట్లలో పెద్ద నంబరు కనిపించినా ఎక్కించుకోకుండా ఆ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టండి. కుడా (ఎన్విడియా లెక్కల సాఫ్ట్‌వేర్) వెర్షన్ కూడా 12 దగ్గరే ఆగండి, 13లో పాస్కల్ లేదు. పైటార్చ్ వాడితే కుడా 12.6కి కట్టిన బిల్డ్ తీసుకోండి. కొత్త బిల్డ్‌లు ఇన్‌స్టాల్ అవుతాయి, కార్డు కూడా కనిపిస్తుంది, తీరా లెక్క మొదలుపెట్టగానే నో కెర్నెల్ ఇమేజ్ అని ఆగిపోతాయి.

డ్రైవర్ ఎక్కకపోతే సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను ఆపే సెట్టింగ్) చూడండి. సీఎస్‌ఎం తీసేసినప్పుడు కొన్ని బోర్డులు దాన్ని ఆన్ చేసేస్తాయి. అప్పుడు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇచ్చిన పాస్‌వర్డ్‌తో రీబూట్‌లో వచ్చే నీలం తెరలో కీని ఎన్‌రోల్ చేయాలి. ఆ తెరను దాటేస్తే మాడ్యూల్ లోడ్ కాదు, ఎర్రర్ కూడా సూటిగా చెప్పదు.

ఇక మీ జీటీ 710. షాపుల్లో దొరికిన జీటీ 710 కెప్లర్ తరం, దానికి ఆఖరి డ్రైవర్ 470. ఒకే సిస్టమ్‌లో ఎన్విడియా డ్రైవర్లు రెండు రకాలు నడవవు. 470 వేస్తే రెండు కార్డులూ పనిచేస్తాయి కానీ కుడా 11.4 దగ్గర ఇరుక్కుంటారు. 580 వేస్తే జీటీ 710ని డ్రైవర్ పట్టించుకోదు, బూట్‌లో వచ్చిన మామూలు ఫ్రేమ్‌బఫర్ మీద ఏదో డెస్క్‌టాప్ వస్తుంది, రిజల్యూషన్ మార్చలేరు. నా సలహా ఏంటంటే డిస్‌ప్లేకి చవగ్గా దొరికే పాత రేడియాన్ కార్డు ఒకటి పెట్టండి, దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది, ఎన్విడియాతో గొడవ పడదు. లేదా నెట్‌వర్క్ మీద ఎస్ఎస్‌హెచ్‌తో వాడుకుంటానంటే డిస్‌ప్లే కార్డు ఎలా ఉన్నా ఒకటే.

విస్పర్‌కి ఒక జాగ్రత్త. పీ40లో ఎఫ్‌పీ16 (16 బిట్ల దశాంశ లెక్కలు) వేగం ఎఫ్‌పీ32 (32 బిట్లవి) వేగంలో 64వ వంతు. చాలా ప్రోగ్రామ్‌లు జీపీయూ కనిపించగానే ఎఫ్‌పీ16 ఎంచుకుంటాయి, అప్పుడు కార్డు నత్తనడక నడుస్తుంది, తప్పు కార్డుదనుకుంటాం. ఫాస్టర్ విస్పర్‌లో కంప్యూట్ టైప్ ఇంట్8 లేదా ఫ్లోట్32 అని మీరే చెప్పండి. భాషా మోడళ్లకు లామా సీపీపీ వాడండి, అది ఈ కార్డులోని 8 బిట్ లెక్కల సౌకర్యాన్ని బాగా వాడుకుంటుంది. కొనకముందు అడిగి ఉంటే ఈ ఎఫ్‌పీ16 ఒక్క కారణంగానే ఆలోచించమనేవాణ్ని. కొన్నారు కాబట్టి దాని బలం ఉన్నచోట వాడుకోండి.

చిన్నబోర్డు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇలాంటి సమస్యే, కార్డు మాత్రం చిన్నది. కోరల్ డ్యుయల్ ఎడ్జ్ టీపీయూ (ఏఐ మోడళ్లు నడిపే చిప్), ఎం.2 'ఈ' కీ రకం. మినీ పీసీలో వైఫై కార్డు తీసి అక్కడ పెట్టాను. రెండు టీపీయూలు ఉండాలి, ఎల్ఎస్‌పీసీఐలో ఒకటే వస్తోంది. కెమెరాల్లో మనుషుల్ని గుర్తించడానికి.

లేన్16:

చిన్నబోర్డు గారూ, అది ముందే ఊహించాల్సిన విషయమే. ఆ కార్డులో రెండు టీపీయూలకు రెండు వేర్వేరు ఎక్స్1 లింకులు కావాలి. 'ఈ' కీ సాకెట్ ప్రమాణంలో రెండింటికీ పిన్నులున్నాయి కానీ వైఫైకి ఒకటి చాలని దాదాపు బోర్డు తయారీదారులందరూ ఒకటే తీగ వేస్తారు. బయోస్‌లో ఏం మార్చినా లేని తీగ రాదు. రెండూ కావాలంటే మీద పీసీఐఈ స్విచ్ చిప్ ఉన్న అడాప్టర్ కొనాలి, అది ఒక లేన్‌ను రెండు లింకులుగా చూపిస్తుంది. అడాప్టర్ మీద చిప్ ఏదీ లేకుండా ఉత్త పిన్నుల మార్పిడిదైతే ఫలితం ఇదే.

మీకు ఒకటైనా వచ్చింది, సంతోషించండి. ఇంటెల్ బోర్డుల్లో కొన్ని వైఫై సాకెట్లు సీఎన్‌వీఐకి (ఇంటెల్ సొంత వైఫై పద్ధతి) మాత్రమే, వాటిలో పీసీఐఈ అసలే ఉండదు, ఒక్కటీ కనిపించదు. కెమెరాల పనికి ఒక టీపీయూ చాలావరకు సరిపోతుంది, ముందు దాని మీద లోడ్ ఎంతుందో చూసి అప్పుడు అడాప్టర్‌కి డబ్బు పెట్టండి. డ్రైవర్ దగ్గర కూడా జాగ్రత్త: గ్యాస్కెట్ అనే కోరల్ డ్రైవర్ పాత కెర్నెళ్ల కోసం రాసింది, కొత్త కెర్నెల్‌తో కంపైల్ కాక ఆగిపోతుంది. సరిచేసిన కోడ్‌తో కట్టుకోవాలి, లేదా పాత ఎల్‌టీఎస్ కెర్నెల్ మీద ఉండిపోవాలి.

పాతసామాను:

ఓపెన్ ప్యాకేజీ తీసేసి మామూలుది వేశాను, కార్డు వచ్చింది. కొత్త అడాప్టర్ మీటర్‌తో చూశాకే పెట్టాను, పిన్నులన్నీ సరిగ్గా ఉన్నాయి. బ్లోయర్‌తో, 180 వాట్ల దగ్గర 71 డిగ్రీలు. ఒకటే అనుమానం: మెమరీ 24576 రావాలి కదా, ఎన్విడియా-ఎస్ఎంఐలో 23040 ఎంఐబీ చూపిస్తోంది. కార్డులో ఏదైనా చిప్ పోయిందా?

సర్వర్‌గది:

పోలేదు. ఈసీసీ (మెమరీ తప్పులు సరిదిద్దే ఏర్పాటు) ఆన్‌లో ఉంది. ఈ కార్డులోని జీడీడీఆర్5లో ఈసీసీకి విడిగా చిప్‌లు ఉండవు, ఉన్న మెమరీలోంచే పదహారో వంతు తీసుకుంటుంది. 24576లో పదహారో వంతు 1536, తీసేస్తే 23040, లెక్క సరిపోయింది. ఎన్విడియా-ఎస్ఎంఐలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం ఆప్షన్‌కు 0 ఇచ్చి రీబూట్ చేస్తే ఆ ఒకటిన్నర జీబీ వెనక్కి వస్తుంది, మెమరీ వేగం కూడా కొంచెం పెరుగుతుంది.

కానీ ఇప్పుడే ఆఫ్ చేయొద్దు. సెకండ్‌హ్యాండ్ కార్డు కదా, దాని మెమరీ ఆరోగ్యం తెలిసేది ఈసీసీ లెక్కల్లోనే. కొన్నాళ్లు ఆన్‌లో ఉంచి లోడ్ మీద నడపండి. క్యూ ఆప్షన్‌తో వచ్చే పెద్ద జాబితాలో ఈసీసీ ఎర్రర్లు, రిటైర్డ్ పేజెస్ (పాడై పక్కన పెట్టిన మెమరీ ముక్కలు) అనే రెండు భాగాలు చూడండి. అగ్రిగేట్ కింద సింగిల్ బిట్ ఒకటీ అరా ఉన్నా ఫర్వాలేదు. డబుల్ బిట్‌లో సున్నా కాకుండా ఏదైనా ఉంటే, లేదా రిటైర్డ్ పేజీలు వారం వారం పెరుగుతుంటే, రిటర్న్ గడువు దాటకముందే కార్డు వెనక్కి పంపించేయండి.